రేవుపేట తోటలో కొఠారు మడి

బెజవాడలో మా సందు చివర మునిసిపాలిటీ వారి ఖాళీ జాగా ఒకటి ఉంది. బియ్యానికీ కూరలకూ కటకటగా ఉన్న ఆ రోజుల్లో, జానెడు నేల కనిపిస్తే చాలు నాలుగు గింజలు చల్లమని రేడియో పొద్దస్తమానం చెప్పేది. మేమూ చల్లాం. సందులోని ఇళ్ళవాళ్ళందరం తలో మడి పంచుకుని, కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగి మరీ మొదలుపెట్టాం. ఏడాది తిరిగేసరికి కుళాయి దగ్గర మడులవాళ్ళు ఒక జట్టు, దూరపు మడులవాళ్ళు ఒక జట్టు అయిపోయి, ఒకరింటి పేరంటానికి ఇంకొకరు వెళ్ళడం మానేశారు. మొక్కలు ఎండిపోయాయి, మాటలు మాత్రం బాగా పెరిగాయి.

మా పక్కవాటాలో అద్దెకుండే నెల్లూరు ఆవిడ ఇదంతా చూసి, "మా సముద్రం వైపు రేవుపేటలో ఇట్టాంటి తోటే ఏండ్ల తరబడి నడస్తా ఉండాది మా. ఒకసారి పోయి చూసి రాకూడదా?" అంది. సందు సంఘానికి ఆ మాట నచ్చింది. ఎవరు వెళ్ళాలన్నప్పుడు అందరూ నా వంకే చూశారు. నేను హైస్కూల్లో కుట్టుపని టీచర్ని, దసరా సెలవులు దగ్గర్లోనే ఉన్నాయి, పైగా నోరున్నదాన్ని. మా ఆయన మాత్రం, "వంకాయల కోసం సముద్రం దాకా ఎందుకు, మార్కెట్టుకు వెళితే సరిపోదా?" అన్నారు. నేను మరచెంబులో నీళ్ళు నింపుకున్నాను.

గురువారం సాయంత్రం ఏడింటికి మదరాసు పాసింజరు ఎక్కాను. ఆడవాళ్ళ పెట్టెలో కూర్చోవడానికి చోటు దొరికింది, పడుకోవడానికి దొరకలేదు. పండగ రోజులు కాబట్టి ప్రతి ఒళ్ళోనూ ఒక బిడ్డ, ప్రతి బిడ్డ చేతిలోనూ ఒక జంతిక. తెల్లవారుతుండగా పెన్న వంతెన దాటాం. నెల్లూరులో పెట్టె సగం ఖాళీ అయితే అప్పుడు కాళ్ళు చాపుకున్నాను. ఎదుటి బల్ల మీద ఉన్న ముసలావిడ నా ప్రయాణం సంగతంతా అడిగి తెలుసుకుని, మనుబోలులో దిగబోతూ, "కూరగాయల తోట చూసేదానికి బెజవాడ నుంచి వచ్చినావా? నిజం చెప్పు, మొగుడితో పోట్లాడి వచ్చినావు గదా" అంది. కాదని చెప్పేలోగా రైలు కదిలింది.

దారి కావలసినవాళ్ళ కోసం రాస్తున్నాను. గూడూరులో దిగాలి. నాయుడుపేట దాకా వెళ్ళి అక్కడ కూడా బస్సు పట్టుకోవచ్చు గాని, ఉన్నది ఒక్క బస్సు, అది ఎప్పుడు బయలుదేరుతుందో డ్రైవరుకే తెలియాలి. గూడూరు ప్లాట్‌ఫారం అంతా నిమ్మకాయల గంపలే. ఆ వాసనకే ప్రయాణం బడలిక సగం పోతుంది. స్టేషను బయట హోటల్లో ఇడ్లీ బాగుంది. దాని మీద వేసిన కారం మాత్రం కృష్ణాజిల్లా నాలుకకు కాస్త ఎక్కువ. కాఫీ మంచిదే. రేవుపేట బస్సు ఎనిమిదిన్నరకని బోర్డు మీద ఉంటుంది, తొమ్మిదింటికి కదులుతుంది.

బస్సులో నా పక్కన కూర్చున్నావిడ పేరు శేషమ్మ. రేవుపేటలో చిల్లర కొట్టు ఉందట, సరుకుల కోసం గూడూరు వచ్చి వెళుతోంది. ఒళ్ళో బెల్లం బుట్ట, కాళ్ళ కింద నూనె డబ్బా. తోట చూడ్డానికని చెప్పగానే, "ఆ తోటలో నాకూ ఒక మడి ఉండాది" అంది.

"ఎలా ఉంటుందండీ?" అన్నాను.

"బాగనే ఉంటాది మా. నాకు గిట్టనిది ఆ పిడికిలి ఒకటే."

పిడికిలి ఏమిటని అడిగితే శేషమ్మ దారిలో కోట అనే ఊరు వచ్చేదాకా చెప్పింది. ఆ తోట ఉన్న స్థలం ఒకప్పుడు ఉప్పు కొఠారు. కాలవ పడవల్లోకి ఎక్కించడానికి ఉప్పంతా తెచ్చి అక్కడ కుప్పలు పోసేవారట. కొఠారు ఎత్తేసి చాలా ఏళ్ళయింది గాని, కుప్పలు పోసిన ఒక మూల మాత్రం నేల ఉప్పుబారి గడ్డి కూడా మొలవదు. దాన్ని కొఠారు మడి అంటారు. ఏటేటా మడులు మారుస్తారు. ఎవరి మడి ఎవరికి పోతుందో చీటీలు తీసి తేలుస్తారు. కొఠారు మడి వచ్చిన ఇంటివాళ్ళకు పండేది ఏమీ ఉండదు కాబట్టి, మిగతా ఇళ్ళవాళ్ళందరూ కోత కోసిన ప్రతిసారీ వాళ్ళకు పిడికెడు పెట్టాలి.

"బెండకాయలు కోస్తే పిడికెడు, మిరపకాయలు కోస్తే పిడికెడు. మూడేండ్లుగా ఒక్కామెకే పెడతా ఉండాం. చీటీలో ఆమెకే వస్తాది, ఏం జేస్తాం?" అని శేషమ్మ బెల్లం బుట్ట సర్దుకుంది. పెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి ఆ పిడికిళ్ళన్నీ కలిస్తే ఒక మడి పంట కంటే ఎక్కువే అవుతుందనీ, తినగా మిగిలింది ఆమె బజార్లో అమ్మి బియ్యం కొనుక్కుంటుందనీ కూడా చెప్పింది.

రేవుపేట చేరేసరికి పదకొండు దాటింది. ఒకే బజారు, దాని వెనక కాలవ, కాలవ అవతల సరుగుడు తోపులు, ఆ వెనక సముద్రం. మదరాసుకు పోయే సరుగుడు కట్టెల పడవలు రెండు రేవులో ఉన్నాయి. బస్సు ఆగే చోటనే మస్తాన్ సాయిబు గారి తగరపు కొట్టు. మా పక్కవాటా ఆవిడ ముందే కబురు పెట్టి ఉండడంతో ఆయనే ఎదురొచ్చి నా సంచీ అందుకున్నాడు. అరవై దాటిన మనిషి, తెల్ల గడ్డం, చేతులకు ఎప్పుడూ మసి. తోట మొదలుపెట్టింది ఆయనే, ఇప్పటికీ తోట పెద్ద ఆయనే.

ఊళ్ళో లాడ్జింగు లేదు. మిషను స్కూలుకు సెలవులు కాబట్టి అక్కడ ఒక గది ఇప్పించాడు. గది శుభ్రంగా ఉంది, మంచం నులక వదులు. భోజనం మాత్రం సాయిబు గారింట్లోనే. ఆయన భార్య బీబమ్మ చేపల పులుసు పెట్టింది. బెజవాడలో చేపలు తినని రోజు లేదని గొప్పలు పోయేదాన్ని, ఆ పులుసు తిన్నాక ఆ మాట అనడం మానేశాను.

మధ్యాహ్నం ఎండ తగ్గాక తోటకు తీసుకువెళ్ళాడు. మడులన్నీ ఒకే కొలత. నడుమ దొరువు ఉంది. ఆ తీరం వాళ్ళకు చెప్పనక్కరలేదు గాని మనకు చెప్పాలి. ఇసుకలో వెడల్పుగా, పల్లంగా తవ్విన గుంటనే దొరువు అంటారు. దాంట్లోకి నడుచుకుంటూ దిగి కడవ ముంచుకోవడమే. పైన ఊరేది తియ్యటి నీరు, దాని అడుగున ఉప్పునీరు. కడవలతో తోడినంతకాలం తీపి వస్తుంది, ఇంజను పెట్టి లాగితే ఉప్పు పైకి వస్తుంది. అందుకని ఆ తోటలో ఇంజను లేదు. కిరసనాయిలు డబ్బాలకు చిల్లుల మూతి అతికి సాయిబు గారు చేసిచ్చిన డబ్బాలతోనే అందరూ నీళ్ళు చల్లుతున్నారు.

"ఏడాదికోసారి మడి వదిలిపెట్టి పోవాల్సిన మనిషి దానికి ఎరువు ఎందుకు వేస్తాడండీ?" అని నేను నా మొదటి ప్రశ్న అడిగాను. కుళాయి దగ్గర మడులు మార్చుకుందామంటే మా సందులో అడ్డొచ్చిన ప్రశ్న అదే.

"పోయేవాడు పెంట వేసి మరీ పోవాల. మడి అప్పజెప్పేటప్పుడు ఊరంతా వచ్చి చూస్తాది గదమ్మా. బీడు పెట్టిపోతే మొహం యాడ పెట్టుకుంటాడు?" అన్నాడు.

గోంగూర, గోరుచిక్కుడు, బెండ, దోస, మిరప. కంచె వెంబడి మునగచెట్లు, అవి అందరివీ. మసీదు వీధివాళ్ళు, చర్చి వీధివాళ్ళు, బజారువాళ్ళు, అందరి మడులూ కలిసే ఉన్నాయి. దూరంగా ఆ మూల తాటాకు దడి కట్టి ఉంది. అదే కొఠారు మడి అని చెప్పాడు. మేకలు దూరకుండా ఆ మడి ఆమె దడి కట్టుకుందట. ఏమీ మొలవని చోటికి మేకలెందుకు వస్తాయని అడగాలని నాకు తోచలేదు, ఆయనకూ తోచినట్టు లేదు.

ఆ సాయంత్రమే వాన పడింది. సీజనుకు మొదటి వాన. బీబమ్మ వాకిట్లో గిన్నెలు లోపలికి తెస్తుంటే సాయిబు గారు చూరు కింద నిలబడి, "ఇంక ఆదివారం ఆకులు తీసేస్తాం" అన్నాడు. మొదటి వాన పడ్డాక వచ్చే ఆదివారమే మడులు మారే రోజు. అక్కడ చీటీలకు కాగితం వాడరు. తాటాకు ముక్కల మీద ఒక్కో మడికి ఒక్కో గుర్తు గీసి, కొత్త కడవలో వేసి తీస్తారు. తీసే చెయ్యి ఊరివాళ్ళది కాకూడదు. పైఊరి మనిషి ఎవరుంటే వాళ్ళ చేత తీయిస్తారు. ఈసారి నేనున్నాను. శనివారం బయలుదేరుదామనుకున్నదాన్ని, చూసిపోదామని ఉండిపోయాను.

శనివారం పొద్దున కొట్టులో కూర్చోబెట్టి టీ ఇప్పించి, డబ్బా అంచు వంచుతూనే సాయిబు గారు అసలు సంగతి చెప్పాడు.

"ఆకులన్నీ ఒకటే మాదిరి ఉంటాయి టీచరమ్మా. కొఠారు ఆకు ఒకటి మాత్రం అంచుకు ఈనె ఉండేట్టు కోస్తా. వేలు పెడితే తెలస్తాది. కరుణమ్మ వంతు వచ్చేదాకా దాన్ని వదిలిపెట్టండి."

"నన్ను దొంగచీటీ తీయమంటున్నారా?" అన్నాను.

"అవునమ్మా" అన్నాడు, సుత్తి ఆపకుండా.

కొఠారు మడి చేసే ఆ కరుణమ్మ నేను దిగిన స్కూల్లోనే ఆయా. నాకు స్నానానికి నీళ్ళు తెచ్చిపెట్టిన మనిషే. మితభాషి. భర్త కట్టెల పడవ మీద పనిచేసేవాడట, కామెర్లు వచ్చి పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. సెలవుల్లో ఆయా పనికి జీతం ఉండదు. భర్త పోయినప్పుడు చర్చివాళ్ళు బియ్యం ఇస్తామన్నారు, మసీదు వీధివాళ్ళూ ఇస్తామన్నారు. ఆమె ఎవరి దగ్గరా పుచ్చుకోలేదు.

"ఊరికే తినను అని చెప్పేసింది. ఆ యేడు కొఠారు మడి ఆమెకే వచ్చింది. నిజంగానే వచ్చింది, నేనేమీ చెయ్యలా. పిడికిలి మాత్రం కాదనలేదు, అది తోట కట్టుబాటు గదా. దాంతో ఆ పిల్లకాయలు రెండు పూట్లా తిన్నారు. మళ్ళా యేడు వేరేవాళ్ళకు వస్తే వీళ్ళ గతి ఏందని నేనే ఈనె ఆకు కనిపెట్టినా. ఆ యేడు కాలవ లాకుల సూపరింటెండెంటు గారు తీసినారు. పోయినేడు బస్సు కండక్టరు తీసినాడు. ఒకరన్నా కాదనలేదు."

నాకు ఒళ్ళు మండింది. తోట ఇన్నేళ్ళు ఎలా నిలిచిందో చూసి రమ్మని నన్ను పంపితే, అది దొంగచీటీ మీద నిలిచిందని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఆ మాటే ఆయనతో అన్నాను.

"చెప్పబాకండి" అన్నాడు.

టీ గ్లాసు అక్కడ పెట్టి లేచి వచ్చేశాను. కాలవ గట్టున చాలాసేపు తిరిగాను. కోపం తగ్గలేదు గాని, ఆ ముసలాయన చేసిన పని కంటే మంచి పని ఏదో చెప్పమంటే నాకూ తోచలేదు. అదొక చికాకు.

సాయంత్రం అయిదింటికి కరుణమ్మ గదికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "రేపు ఆకులు తీసేది మీరేనంట గదమ్మా. నా మడి చూస్తారా?" అంది. వెంట వెళ్ళాను. తోటలో ఎవరూ లేరు. దడికి కట్టిన తాడు విప్పి, ఒక పక్క కాస్త తెరిచి నన్ను లోపలికి రమ్మంది.

లోపల వంగతోట ఉంది. నడుము ఎత్తు మొక్కలు, ఆకు ఆకుకూ నల్లటి కాయలు, నిగనిగలాడుతున్నాయి. ఆ తోటలో ఇంకెక్కడా అలాంటి మడి చూడలేదు.

"ఎండాకాలంలో పైన తెల్లగా ఉప్పు పేరుకుంటాది. దాన్ని చీపురుతో ఊడ్చి బయట పోసినా. వానలప్పుడు గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టినా, ఉప్పు కిందికి దిగిపోవాలని. చెరువు మన్ను గంపతో మోసినా. మొదట గంగపాయల కూర ఒకటే వచ్చింది. పోయినేడు తోటకూర. ఇప్పుడు ఇవి" అని ఒక కాయ మీద మట్టి తుడిచింది.

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తే పిడికిలి ఆపేస్తారు గదమ్మా." దాచుకోకుండా చెప్పింది. "పిల్లకాయలు ఉండారు. అట్టని పిడికిలీ తిని ఇదీ తింటే దొంగతనం. అందుకని పండిన కాయలన్నీ కోసి తెల్లారకముందే ఆవులకు వేసినా. ఒక్కటి కూడా ఇంటికి తీసకపోలేదు."

ఇప్పుడు నాకెందుకు చూపిస్తున్నావని అడిగాను.

"ఇంక నా వల్ల కాదు. మూడేండ్లు ఒకరి చేతి కిందే తిన్నా. రేపు ఈ మడి ఎవురికి వచ్చినా సరే, వాళ్ళ ముందర దడి తీసేస్తా. ఒక్కసారన్నా శేషమ్మక్క చేతిలో నేను పిడికెడు పెట్టాల." మొక్కల వంక చూస్తూ, "మూడుసార్లు దేవుడు నాకే ఎందుకు ఇచ్చినాడు, బాగు చెయ్యమనే గదమ్మా?" అంది.

ఈనె ఆకు సంగతి నా నోటి దాకా వచ్చింది. నోరున్నదాన్నని నన్ను పంపిన మా సందువాళ్ళు ఆ పూట నన్ను చూసి ఉండాల్సింది. "పిడికిలి లేకపోతే ఎలా గడుపుతావు?" అని మాత్రం అడిగాను. "ఏ మడి వచ్చినా చేసుకుంటా. ఒక పూట తగ్గితే తగ్గతాది" అని మళ్ళీ దడి మూసి తాడు బిగించింది.

ఆదివారం పది గంటలకు, చర్చి వదిలాక, అందరూ తోటలో చేరారు. దొరువు పక్కన పీట వేసి కొత్త కడవ పెట్టారు. ఇంటికి ఒకరు చొప్పున వరసగా వచ్చి నిలబడాలి, నేను ఒక్కో ఆకు తీసి సాయిబు గారికివ్వాలి, ఆయన గుర్తు చూసి మడి పేరు చెప్పాలి. నేను ఒకటే అనుకుని వచ్చాను. వేలికి ఏది తగిలితే అదే తీస్తాను. కరుణమ్మ దేవుడిదని నమ్ముతున్న పనిలో ముచ్చటగా మూడోసారి మనిషి వేలు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ పిల్లలకు ఒక పూట తగ్గబోతోందని తెలిసే అనుకున్నాను, అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నలుగురు అయిదుగురికి తీశాను. మునగచెట్ల పక్క మడి, గేటు మడి, ఏవేవో వచ్చాయి. శేషమ్మ వంతు వచ్చింది. కడవలో చెయ్యి పెట్టగానే వేలికి ఈనె తగిలింది. సాయిబు గారు నా మొహం చూసి గ్రహించాడు, తల కొంచెం అడ్డంగా ఊపాడు. నేను ఆ ఆకే తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు.

"కొఠారు మడి" అన్నాడు చివరికి.

శేషమ్మ దబ్బున అక్కడే కూలబడింది. కొట్టు చూసుకోవాలా, ఇసకలో ఏడవాలా, ఈ వయసులో ఇంటింటికీ పోయి పిడికిలి అడుక్కోవాలా అని మొదలుపెట్టింది. ఎవరో నవ్వారు. కరుణమ్మ వరసలోంచి వెళ్ళి దడి తాళ్ళు ఒక్కొక్కటీ విప్పి తాటాకు మొత్తం నేలకు పడేసింది.

ఒక ముసలాయన లోపలికి వెళ్ళి మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, ఉప్పు లేదన్నాడు. కరుణమ్మ రెండు చేతుల నిండా వంకాయలు కోసుకొచ్చి శేషమ్మ ముందు వంగి, "పట్టుకో అక్కా" అంది. శేషమ్మ కొంగు చాపింది. ఇప్పుడు ఆ మడి తనదేననీ, ఆ కాయలూ తనవేననీ శేషమ్మకు అప్పటికి తట్టినట్టు లేదు. ఆ తర్వాత కరుణమ్మ అందరి దగ్గరకూ వెళ్ళింది. మసీదు వీధివాళ్ళకూ చర్చి వీధివాళ్ళకూ వరసగా తలా పిడికెడు పెట్టుకుంటూ వచ్చింది. ఆమె మొహంలో సంతోషం దాగలేదు. అందరికంటే చివర సాయిబు గారికి పెట్టింది. ఆయన మసి చేతులు పైపంచెకు తుడుచుకుని తీసుకున్నాడు.

తోట పెద్ద కాబట్టి ఆ మాట ఆయనే చెప్పాలి. "కొఠారు మడి బాగైంది. ఇంక పిడికిలి లేదు" అన్నాడు. వెనకనుంచి ఎవరో, మంచిదే, అన్నారు. మిగిలిన ఆకులు కూడా తీస్తే కరుణమ్మకు దొరువుకు బాగా దూరంగా కంచె పక్క మడి వచ్చింది. కడవలు మోసుకోవాలి. ఆమె ఆ సాయంత్రమే గడ్డి పీకడానికి కూర్చుంది. సాయిబు గారు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. బీబమ్మ అన్నం గదికే పంపించింది.

సోమవారం పొద్దున ఏడున్నర బస్సు. ఆయన వస్తాడనుకోలేదు గాని వచ్చాడు, సంచీ అందుకుని సీటు చూసి పెట్టాడు.

"ఆకు సంగతి ఆమెకు చెప్పినారా?"

"లేదు."

"చెప్పబాకండి."

బస్సు నిండేదాకా కిటికీ పక్కనే నిలబడ్డాడు. "రాత్రి బీబమ్మ ఆ వంకాయలు వండింది టీచరమ్మా. ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగదే. ఆ పూట వాళ్ళ ఇంటో ఏముందో నాకు తెలుసు గదా. తినకపోతే ఆమెకు అవమానం. తినేసినా" అన్నాడు. కిటికీ చువ్వ పట్టుకుని, "మూడేండ్లు ఆమె మా పిడికిలి ఎట్ట మింగిందో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. కండక్టరు ఈల వేశాడు. ఈయనేనా ఆ కండక్టరు అని చూశాను గాని అడగలేదు.

గూడూరులో పదకొండింటి రైలు దొరికింది. పగటి ప్రయాణం కాబట్టి జనం తక్కువ. కిటికీ పక్క సీటు, నెల్లూరు దాకా పచ్చటి వరి. తోటలు పెట్టాలనుకునేవాళ్ళు రేవుపేట వెళ్ళి చూడవచ్చు. మడులన్నీ ఒకే కొలతగా ఉండడం, ఏటేటా మార్చడం, పోయేవాడు ఎరువు వేసి పోవడం, నీళ్ళు ఉన్నంతలోనే తోడుకోవడం, ఇవన్నీ మా సంఘానికి చెప్పడానికి వరసగా మననం చేసుకున్నాను. అవన్నీ ఎవరైనా చేయగలిగినవే. పిడికిలి సంగతి దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాను. మా రెండు జట్లనూ మళ్ళీ కలపగలిగేది అదే.

మా జాగాలోనూ గోడ నీడన ఏదీ మొలవని మూల ఒకటుంది. దాన్ని ఎవరూ తీసుకోలేదు. ఆ మూల నాకిచ్చి, కోసినప్పుడల్లా నాకు పిడికెడు పెట్టండని అడిగితే మా వాళ్ళు కాదనరు, నవ్వుకుంటూ పెడతారు. పెట్టడం అందరికీ బాగానే ఉంటుంది. కాని తీసుకునేదాన్ని నేను. కుళాయి జట్టువాళ్ళ గుమ్మంలో కూడా చెయ్యి చాపి నిలబడాలి, తెచ్చింది వండుకుని తినాలి. ఒకరి ముందు చెయ్యి చాపకుండా బతికానని చెప్పుకునే మనిషిని నేను. రైలు కృష్ణ వంతెన ఎక్కింది, దిగింది, బెజవాడలో ఆగింది. సంచీ భుజాన వేసుకుని ప్లాట్‌ఫారం మీదికి దిగాక కూడా, ఆ మాట మా వాళ్ళతో అనగలనో లేదో నాకు తెలియలేదు.